మళ్ళీ పెళ్ళి, ఆగిపోయే మనోవర్తి

"అక్కా, నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మనోవర్తి ఆగిపోతుందట. మరి పాప సంగతి?" అని మా పిన్ని కూతురు మొన్న ఫోన్లో అడిగింది. ఈ షరతు ఎప్పటిదో చూద్దామని పుస్తకాలు తీశాను.

ఇది విడాకుల కన్నా ముందు వితంతువులకు పెట్టిన షరతండీ. 1856లో వాళ్ళ పెళ్ళికి అనుమతిచ్చిన చట్టమే, మళ్ళీ పెళ్ళాడితే పోయిన భర్త ఆస్తిలో హక్కూ, భరణమూ పోతాయంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమండ్రిలో జరిపించిన తొలి వితంతు వివాహం నాటికీ అదే చట్టం.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ భార్యకే భరణం ఇచ్చేది. విడాకులిస్తే మగవాడికి ఆ బాధ్యత తీరిపోయేది. 1973 కోడ్ 125వ సెక్షన్ ఆ దారి మూసి, విడాకులైన స్త్రీనీ భార్యగానే లెక్కించింది. కాకపోతే ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోనంతవరకే! 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం 144వ సెక్షన్లోనూ అదే మాట. మాజీ భర్త మాత్రం మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత తప్పించుకోలేడు.

పిల్లల భరణం వేరు. అది పిల్లల హక్కు, తల్లి పెళ్ళితో పోదు. "కోర్టు ఆర్డరులో పాపకెంతో విడిగా రాశారా?" అని అడిగాను. వెతికి చూసింది. ఇద్దరికీ కలిపి ఒకటే అంకె ఉందట.

పెళ్ళిచూపుల కన్నా ముందు లాయరు గారి దగ్గరికి వెళ్దామన్నాను. ఎల్లుండి వెళ్తున్నాం. మీ ఇళ్ళల్లోనూ అలాంటి కాగితాలుంటే ఒకసారి తీసి చూడండి.