నిచ్చెన నుంచి తలుపు దాకా

న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఒక ఆరంతస్తుల పాత అద్దె భవనాన్ని కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం. కుళాయి కారినా నన్నే పిలుస్తారు, బాయిలర్ ఆగినా నన్నే పిలుస్తారు. నేను మాత్రం ఎక్కువ శ్రద్ధ పెట్టేది తలుపుల మీద. ఈ ఊళ్ళో ప్రతి వాటా తలుపూ చెయ్యి వదిలితే దానంతటదే మూసుకోవాలి, లాచ్ టక్కున పడాలి. పడకపోతే తప్పు ఓనరుది. ఈ బాధ్యత చట్టంలోకి రావడానికి దాదాపు నూట అరవై ఏళ్ళు పట్టింది. ఎప్పుడు ఒక అడుగు ముందుకు పడినా, దానికి ముందు కొంతమంది పోయారు.

1860 ఫిబ్రవరి 2 సాయంత్రం. మాన్‌హాటన్‌లోని ఎల్మ్ స్ట్రీట్‌లో ఒక ఆరంతస్తుల ఇల్లు. కింద బేకరీ, పైన కాపురాలు, అందరికీ కలిపి ఒకటే చెక్క మెట్లదారి. బేకరీలో పుట్టిన మంట ముందుగా ఆ మెట్లనే పట్టుకుంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు నాలుగో అంతస్తు దాకానే అందాయి. 20 మంది దాకా చనిపోయారు. మరుసటి నెలలోనే మరో అద్దె ఇంట్లో తల్లులూ పిల్లలూ కాలిపోయారు. ఏప్రిల్‌కల్లా చట్టం వచ్చింది. ఎనిమిది కుటుంబాలకు మించి ఉండే కొత్త ఇంటికి మంటకు ఆగే మెట్లయినా ఉండాలి, లేదా ప్రతి అంతస్తుకూ బయట ఇనుప బాల్కనీ పెట్టి వాటిని మెట్లతో కలపాలి.

ఓనర్లు లెక్క వేసుకున్నారు. లోపల రాతి మెట్లు కడితే ఖర్చుతోపాటు అద్దె వచ్చే చోటూ పోతుంది. బయట గోడకు ఇనుము తగిలిస్తే లోపలి చోటు పోదు. న్యూయార్క్ వీధుల్లో ఇళ్ళ ముఖాల మీద కనిపించే ఆ ఇనుప చట్రాలు అలా మొదలయ్యాయి. చాలాచోట్ల వాటికి మెట్లకు బదులు నిట్టనిలువు నిచ్చెనలు పెట్టి సరిపెట్టారు. చంటిబిడ్డను చంకనేసుకున్న తల్లి, వానలో తడిసిన ఇనుప నిచ్చెన మీద ఐదో అంతస్తు నుంచి ఎలా దిగుతుందో ఎవరూ అడగలేదు.

1879లో గదిగదికీ గాలి రావాలని ఇంకో నియమం పెట్టారు. కట్టేవాళ్ళు రెండు ఇళ్ళ మధ్య సన్నని గాలిసందు వదిలి, అందులోకి కిటికీలు పెట్టి సరిపెట్టారు. కింద నిప్పంటుకుంటే ఆ సందే పొగగొట్టమై మంటను పై అంతస్తు దాకా లాక్కెళ్ళేది. 1900లో లారెన్స్ వీలర్ అనే సంస్కర్త ఒక పేటను అట్టముక్కలతో నమూనాగా చేయించి ప్రదర్శనకు పెట్టాడు. ఒకే బ్లాకులో 39 ఇళ్ళు, 2,781 మంది జనం. ఊరు తెల్లబోయింది. 1901 చట్టం ఆ సందుల్ని, నిలువు నిచ్చెనల్ని కొత్త ఇళ్ళలో మాన్పించింది. అంతకన్నా ముఖ్యం, తనిఖీకి ప్రత్యేకంగా ఒక శాఖను పెట్టింది. అప్పటిదాకా చట్టం ఉండేది, వచ్చి చూసే మనిషే సరిగా ఉండేవాడు కాదు.

వచ్చి చూసిన మనిషికి కనిపించిందేమిటి? బాల్కనీల నిండా పరుపులు, పూలకుండీలు, తొట్లు. వేసవి రాత్రుళ్ళు జనం అక్కడే పడుకునేవారు. లోపల అడుగు తీసి అడుగు వేసే చోటు లేకపోతే సామాను ఎక్కడ పెట్టుకుంటారు? అడ్డం పెడితే పది డాలర్ల జుర్మానా, పది రోజుల జైలు అని పోతపోసిన ఇనుప పలకలు పాత బాల్కనీలకు బిగించి ఉండేవి. శిక్ష రాసి ఉంది, చోటు మాత్రం ఎవరూ చూపించలేదు.

1968 నాటి కట్టడాల నిబంధనలతో కొత్త భవనాలకు బయటి ఇనుప మెట్ల కాలం చెల్లింది. మెట్లను లోపలే గోడల మధ్య మూసి కట్టాలన్నారు. అంటే ఆలోచనే మారింది. మనిషిని మంట నుంచి బయటికి దింపడం ఒక పద్ధతి, మంటను పుట్టిన గదిలోనే బంధించడం ఇంకో పద్ధతి. రెండోదానికి తలుపే ఆధారం.

2017 డిసెంబరులో బ్రాంక్స్‌లో ఒక ఇంట్లో నిప్పంటుకుంది. పారిపోయేవాళ్ళు తెరిచి వదిలిన తలుపులోంచి మంట మెట్లెక్కింది. 13 మంది పోయారు. దాంతో వాటా తలుపులన్నీ 2021 జూలై 31లోగా వాటంతటవే మూసుకునేలా చేయాలని చట్టం తెచ్చారు. గడువు దాటి ఆరు నెలలైనా కాకముందే, 2022 జనవరి 9న, అదే బ్రాంక్స్‌లో 19 అంతస్తుల భవనంలో రూమ్ హీటర్ నుంచి మంట లేచింది. మంట ఆ వాటానూ బయటి నడవానూ దాటలేదు. తలుపులు మూసుకోకపోవడంతో పొగ మాత్రం మెట్లదారి నిండా పాకింది. 17 మంది, అందులో 8 మంది పిల్లలు, ఆ పొగకే ఊపిరాడక చనిపోయారు.

మా భవనంలో తలుపులకు స్ప్రింగు బందులున్నాయి. చలికాలానికి బిగువు సడలుతుంది. సన్నని ఊచ గుచ్చి బందు స్ప్రింగును కొద్దిగా బిగించి, పిన్ను దించాలి. ఆ తర్వాత తలుపును బెత్తెడు తెరిచి వదిలి చూడాలి. బార్లా తెరిస్తే ఏ తలుపైనా విసురుగా వచ్చి పడుతుంది, బెత్తెడు నుంచి పడితేనే లెక్క. నాలుగో అంతస్తులో నలుగురు తెలుగు కుర్రాళ్ళు ఒకే వాటాలో ఉంటారు. ఒకరోజు వాళ్ళ తలుపుకు సోనామసూరి బస్తా అడ్డం పెట్టి ఉంది. అడిగితే, “అంకుల్, చెత్త పడేసి వచ్చేలోపు తలుపు పడిపోతోంది, తాళం లోపలే ఉండిపోతోంది” అన్నారు. వాళ్ళు చెప్పిందీ నిజమే. ప్రతి వాటాకూ మారు తాళం నా దగ్గర ఉంచి, ఏ వేళ పిలిచినా వచ్చి తీస్తానని చెప్పాను. బస్తా వంటింట్లోకి వెళ్ళింది.

2025 మే 18న హైదరాబాదులో, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి రావడానికి ఇరుకు మెట్లదారి ఒక్కటే ఉన్న ఇంట్లో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. అందులోనూ 8 మంది పిల్లలే. ఎల్మ్ స్ట్రీట్ ఇంటికీ దీనికీ 165 ఏళ్ళ తేడా, ఇంటి పోలిక ఒక్కటే.

ఆనాటి న్యూయార్క్ ఓనర్లు ఇనుము ఒక్కసారి కొని చేతులు దులుపుకోగలిగారు. తలుపుతో ఆ వీలు లేదు, అది ఏటా సడలుతుంది. అందుకే మా ఓనరుగారి ఖర్చుల పుస్తకంలో బందుల రిపేరుకు ఏటా ఒక పద్దు ఉండి తీరాలని పట్టుబట్టి రాయించాను. ఆయన గొణుగుతూనే సంతకం పెడతారు.