ఇంటి పొందిక – మనసు నెమ్మది



ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఆ మాట వింటే మనలో చాలామందికి కాస్త చిరాకే. ఎవరో వచ్చి మెచ్చుకోవాలనేనా మనం ఇల్లు సర్దేది? కాదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట, మన బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్ళ సంగతి తెలుసుకుంటే, ఇది ఇంకొకరి మెప్పుకోసం పుట్టిన అలవాటు కాదని అర్థమవుతుంది. గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవడానికి పుట్టిన అలవాటు.

సముద్రానికి దగ్గరి ఊళ్ళలో పూర్వం పేదలు కట్టుకున్నది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు, నడుం వంచితేగాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. ఈదురుగాలి కొడితే పక్కలకి జారిపోవాలని ఆ గుండ్రం. లోపల ఉన్న చోటెంత? అందుకే ప్రతి వస్తువుకీ ఒక తావుండేది. బట్టలు దండెం మీద, పాలూ పెరుగూ ఉట్టి మీద, దీపం గూట్లో, పప్పూ ఉప్పూ కుండల దొంతిలో, విత్తనాలు అటక మీద. వాన నీళ్ళు గడప దాటినా విత్తనం తడవకూడదు. చీకట్లో చెయ్యి చాపితే కావలసింది చేతికి తగలాలి. కరెంటు లేని రోజుల్లో ఇల్లాలికి అదే ధైర్యం.

మరి బందరు పట్నం? అది గిడ్డంగుల ఊరు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి అక్కడ వర్తకం పెట్టారు. మన అద్దకం బట్టలు పర్షియా దాకా వెళ్ళాయి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి, బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఎంత సరుకుంటే మాత్రం ఆ రాత్రి ఎవరికి పనికొచ్చింది చెప్పండి? గిడ్డంగి నిండితే వర్తకుడికి లాభం. ఇల్లు నిండితే మనకి లాభమా అన్నది వేరే ప్రశ్న.

ఇల్లు నిండడం మొదలైంది పంటతోనే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవల నీళ్ళతో గుడివాడ వైపు మాగాణులు పండాయి. వాకిట్లో పురులు, లోపల గాదెలు, నడవలో భోషాణాలు, పెళ్ళిళ్ళకి ఇత్తడి గంగాళాలు, కంచు గిన్నెలు వచ్చి చేరాయి. తరవాత స్టీలు వచ్చింది. జరీ అంచు పాత చీరలిచ్చి మరీ స్టీలు గిన్నెలు తీసుకున్నాం. ఇత్తడి అటకెక్కింది. దాని వెనకే ప్లాస్టిక్కు డబ్బాలు. విత్తనాన్ని కాపాడిన అటక, "ఎప్పటికైనా పనికొస్తుందిలే" అన్న వాటికి నిలయమైంది.

ఇక 1977 నవంబరు 19. దివిసీమ పేరు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. ప్రభుత్వం లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వాళ్ళు సామాను పట్టుకుని కూర్చుని పోయారని మాత్రం ఎవరూ అనుకోకండి. హెచ్చరిక అందరికీ అందలేదు, ఎక్కడానికి గట్టి మేడలు లేవు. ఆ దుఃఖం నుంచే తుఫాను షెల్టర్లు, పక్కా ఇళ్ళు వచ్చాయి. 1990 మే 9న ఈ తీరానికే మరో పెద్ద తుఫాను వచ్చింది. ముందుగానే లక్షల మందిని తరలించారు కనక, మరణాలు వెయ్యి దాటలేదు.

ఇక్కడే మన పని ఉందమ్మా. తరలించే బండి వాకిట్లో ఆగితే ఇల్లాలి చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, రెండు జతల బట్టలు – ఇవన్నీ ఒక్క పెట్టెలో ఉన్నావిడ పిల్లల చెయ్యి పట్టుకుని బయల్దేరుతుంది. లేనావిడ బీరువా ముందు నిలబడి ఏడుస్తుంది. పట్నంలో మేడ మీద ఉండే మనకి ఉప్పెన రాకపోవచ్చు. అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తవలసిన అవసరం రాదని ఎవరు చెప్పగలరు? వెతుకులాటలోనే మనసు సగం చచ్చిపోతుంది.

అక్కరలేనిది వదిలించుకునే దారి మనవాళ్ళు ఏనాడో చూపించారు. సంక్రాంతికి ముందు బూజులు దులిపి, వెల్ల వేసి, విరిగిన చెక్కలూ చివికిన తట్టలూ భోగిమంటలో వేసేవారు. ప్లాస్టిక్కు మాత్రం మంటలో వెయ్యకండి, ఆ పొగ పిల్లలకి మంచిది కాదు.

ఈ ఆదివారం అటక మొత్తం ఒక్కసారే దించకండి, నడుం పడిపోతుంది. ఒక్క అర చాలు. వాడేవి ఒక పక్క, ఇంకొకరికి పనికొచ్చేవి ఒక పక్క, పారెయ్యవలసినవి ఒక పక్క పెట్టండి. అత్తగారి కంచు గిన్నె పారెయ్యమని నేను చెప్పను. దాన్ని దించి, తోమి, అందులో చారు కాచండి. అటక మీద ఉంటే అది బరువు, పొయ్యి మీద ఉంటే ఆవిడ జ్ఞాపకం.

ముందుగా ఆ కాగితాల పెట్టె సర్ది, అదెక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుందో మీకే తెలుస్తుంది. సెలవు.