శస్త్రచికిత్స తర్వాత అవాంఛిత ఎముక: రేడియేషన్‌తో నివారణ, చరిత్ర

కండరాల్లోనో, కీలు చుట్టూ ఉన్న మెత్తని కణజాలంలోనో ఎముక పుట్టడాన్ని హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అంటారు. ఇది కణజాలంలో సున్నం పేరుకోవడం లాంటిది కాదు. ఇక్కడ తయారయ్యేది అచ్చమైన ఎముకే, ముదిరితే అందులో మూలుగ కూడా ఉంటుంది. తుంటి కీలు మార్పిడి, తుంటి గుంట విరిగినప్పుడు చేసే ఆపరేషన్, మోచేతి గాయాల తర్వాత ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని ముందే ఆపడానికి తక్కువ మోతాదు రేడియేషన్ వాడటం 1970లలో అమెరికాలో ఊపందుకుంది.

జబ్బు మాత్రం అంతకంటే పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన సైనికులకు కీళ్ల చుట్టూ ఎముక పెరగడాన్ని ఫ్రాన్స్‌లో నరాల వైద్యురాలు ఆగస్టా దెజెరిన్-క్లంప్కె తన సహచరుడితో కలిసి 1918లో వివరించారు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1960లలో తుంటి మార్పిడిని స్థిరపరిచాక ఇది ఎముకల డాక్టర్ల సమస్యగా మారింది. నొప్పి పోగొట్టడానికి చేసిన ఆపరేషన్ కొందరిలో కీలును బిగించేసింది. ఎక్స్‌రేలో కనిపించే తీవ్రతను బ్రూకర్ బృందం 1973లో నాలుగు తరగతులుగా విభజించింది: మొదటి తరగతిలో అక్కడక్కడా ఎముక తునకలు, నాలుగో తరగతిలో కటి నుంచి తొడ ఎముక దాకా వంతెన కట్టినట్టు పూర్తి బిగింపు. ఆ వర్గీకరణే నేటికీ వాడుకలో ఉంది.

రేడియేషన్ ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే కండరంలోకి చూడాలి. అక్కడ ఇంకా ఏ రూపమూ తీసుకోని మూలకణాలుంటాయి. గాయం తర్వాత వచ్చే రసాయన సంకేతాలు వాటిని ఎముక కణాలుగా మారుస్తాయి. అలా ఎముకను పుట్టించే సంకేతం ఎముకలోనే ఉందని మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించాడు. ఆ కణాలు వేగంగా విభజన చెందుతాయి, అలాంటి కణాలను రేడియేషన్ ఇట్టే దెబ్బతీస్తుంది. మూలకణాలు ఎముక కణాలుగా మారడం గాయమైన కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది కనుక వైద్యానికి దొరికే గడువూ అంతే.

అమెరికాలోని మాయో క్లినిక్‌లో మార్క్ కోవెంట్రీ, పాల్ స్కాన్లన్ తమ తొమ్మిదేళ్ల అనుభవాన్ని 1981లో ప్రచురించారు. వారిచ్చింది 20 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), పది విడతల్లో. త్వరగా మొదలుపెట్టిన వారిలోనే మంచి ఫలితం వచ్చింది. ఆ తర్వాతి చరిత్రంతా మోతాదు తగ్గించడమే. 1980లలో 10 గ్రే, ఐదు విడతలు సరిపోయాయి. 1992లో రాచెస్టర్‌కు చెందిన పెల్లెగ్రిని బృందం రోగులను చీటీ పద్ధతిలో రెండుగా విడదీసి పోల్చింది. ఒకే విడతలో ఇచ్చిన 8 గ్రే, ఐదు విడతల 10 గ్రేకు దీటుగా నిలిచింది. 5 గ్రే దరిదాపులకు దించితే మాత్రం ఫలితం పడిపోయింది. అలా 7, 8 గ్రే వద్ద లెక్క ఆగింది. క్యాన్సర్ కణితులకు తరచూ ఇచ్చే 60 గ్రేతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

మిగిలింది ఆచరణలోని చిక్కు. కుట్లు పచ్చిగా ఉన్న రోగిని మర్నాడే స్ట్రెచర్ మీద రేడియేషన్ గదికి తీసుకెళ్లి, గట్టి బల్ల మీదకు మార్చాలి. అది నొప్పి, పైగా కొత్త కీలు జారే భయం. అందుకే 1990లలో ఆపరేషన్‌కు కొద్ది గంటల ముందే ఇచ్చి చూశారు. ఆపరేషన్ తర్వాత మూడు రోజుల్లోపు ఇచ్చినదానికి అది సాటి వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే: మోతాదు కంటే వేళ ముఖ్యమని తేలింది. సిమెంటు లేకుండా బిగించే కృత్రిమ కీలుకు ఎముక అతుక్కోవాలి గనుక ఆ భాగాన్ని సీసపు అడ్డుతో కాపాడటమూ నేర్చుకున్నారు.

రేడియేషన్‌కు చౌకైన పోటీదారు ఇండోమెథసిన్ అనే నొప్పి, వాపు తగ్గించే మాత్ర. అది కడుపులో పుండ్లు తెస్తుంది, విరిగిన పొడవాటి ఎముకలు అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది. రేడియేషన్‌దీ నిర్దోష చరిత్ర కాదు. మోచేతి విరుగుళ్లలో దాన్ని పరీక్షించిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఎముకలు అతుక్కోని వారు బాగా పెరగడంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఇంత తక్కువ మోతాదులో చాలా అరుదే అయినా, చిన్న వయసువారికీ గర్భిణులకూ వైద్యులు వెనకాడతారు. అందుకే అందరికీ ఇవ్వరు. ఇంతకుముందు ఇలా ఎముక పెరిగినవారికీ, ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు బిగుసుకుపోయే వాపు జబ్బు) ఉన్నవారికీ ఇస్తారు.

ఒకసారి ముదిరి గట్టిపడిన ఎముకను ఏ రేడియేషనూ కరిగించదు. దాన్ని ఆపరేషన్‌తో తీసేయడమే మార్గం, మళ్లీ పెరగకుండా ఆ ఆపరేషన్ వెంట కూడా ఈ ఒక్క విడత ఇవ్వవచ్చు.