సగం ఫీజు సీటు

బీహారులోని మోతీహారీలో పుట్టిన ఎరిక్ బ్లెయిర్‌ని (తర్వాత జార్జ్ ఆర్వెల్ అయ్యాడు) 1911లో, ఎనిమిదేళ్ళకి, ఇంట్లోవాళ్ళు ఇంగ్లండులో ఈస్ట్‌బోర్న్ దగ్గర సెయింట్ సిప్రియన్స్ అనే ప్రిపరేటరీ బోర్డింగ్ స్కూల్లో వేశారు. పదమూడేళ్ళొచ్చేసరికి పిల్లల్ని ఈటన్ లాంటి పబ్లిక్ స్కూళ్ళకి తయారుచేయడం ఈ బళ్ళ పని. పేరుకే పబ్లిక్ లెండి, నడిచేది ఫీజుల మీద. అక్కడ స్కాలర్‌షిప్ కొట్టే కుర్రాడు బడికి ప్రకటన లాంటివాడు. అందుకే డబ్బు అంతంతమాత్రంగా ఉన్న ఇళ్ళనుంచి తెలివైనవాళ్ళని తక్కువ ఫీజుకి చేర్చుకునేవారు. ఎరిక్ అలా వచ్చినవాడే. ఆ సంగతి తనకి మొదట్లో తెలియదనీ, చదువులో వెనకబడ్డప్పుడు హెడ్‌మాస్టరూ ఆయన భార్యా దాన్నే ఎత్తిపొడిచారనీ తర్వాత రాసుకున్నాడు. ఈటన్ స్కాలర్‌షిప్ వచ్చింది కూడా. అయినా ఆ గాయం మానలేదు. ఆ వ్యాసం ఆయన పోయాక, 1952లో అమెరికాలో అచ్చయింది. పరువునష్టం భయంతో ఇంగ్లండులో 1968 దాకా రాలేదు. అంత ఘోరమేం కాదని ఆ బళ్ళో చదివిన కొందరన్నారు. కావచ్చు. వాళ్ళది పూర్తి ఫీజేమో!

మావాడికి ఎనిమిదేళ్ళు. మొన్న ఓ రెసిడెన్షియల్ స్కూలువాళ్ళు టెస్టు పెట్టి సగం ఫీజు తగ్గిస్తామన్నారు. ఇంట్లో అందరం సంబరపడ్డాం. వాడికి మాత్రం ఇంకా చెప్పలేదు.