పారా క్రీడలు: పతకం మార్చేది, చట్టం మార్చవలసినది

పారిస్ పారాలింపిక్స్‌లో 2024 సెప్టెంబరు 3న మహిళల 400 మీటర్ల టీ20 పరుగును జీవాంజి దీప్తి 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలుచుకున్నారు. మేధోవైకల్యం గల భారత క్రీడాకారులలో పారాలింపిక్ పతకం సాధించిన తొలి వ్యక్తి ఆమె.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఆమె స్వగ్రామం. బాల్యంలో ఊరివారి హేళన ఎదుర్కొన్నారు. ఆమెను అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారూ ఉన్నారు. 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. పారిస్ పతకం తరువాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది.

టీ20 విభాగం

మేధోవైకల్యం గల అథ్లెట్ల ట్రాక్ పోటీలు, జంప్‌లు ఈ విభాగంలోకి వస్తాయి. 2000 సిడ్నీ క్రీడలలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో అత్యధికులకు అసలు వైకల్యమే లేదని తేలింది. ఫలితంగా మేధోవైకల్య విభాగాలను నిలిపివేశారు. ఆ మోసానికి మూల్యం చెల్లించినది నిజమైన అర్హులే. ఏథెన్స్, బీజింగ్ క్రీడలు వారికి దూరమయ్యాయి. అర్హత పరీక్షలను కట్టుదిట్టం చేశాక, 2012 లండన్‌లో వారికి తిరిగి ప్రవేశం లభించింది.

చట్టం

1995 చట్టం మేధోవైకల్యాన్ని గుర్తించినా, అది కల్పించిన 3 శాతం ఉద్యోగ రిజర్వేషన్లలో దానికి చోటు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆ లోటును సరిదిద్దింది. గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుంచి 21కి, రిజర్వేషన్లు 4 శాతానికి పెరిగాయి. క్రీడలలో దివ్యాంగుల భాగస్వామ్యానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 30వ సెక్షన్ నిర్దేశిస్తోంది. బహిరంగంగా దివ్యాంగులను ఉద్దేశపూర్వకంగా అవమానించడం 92వ సెక్షన్ కింద నేరం. దీనికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

పరిమితులు

పారాలింపిక్స్‌లో భారత్ పతకాలు 2016లో 4 కాగా, 2020 టోక్యో క్రీడలలో 19కి, పారిస్‌లో 29కి చేరాయి. అయితే విజేతలపై కురిసే ప్రశంస, పోటీపడలేని దివ్యాంగులపై చిన్నచూపుగా మారే ప్రమాదమూ ఉంది. దివ్యాంగులను అపోహల ఆధారంగా గానీ, అసాధారణ శక్తిమంతులుగా గానీ చిత్రీకరించరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. పతకం గౌరవాన్ని తెచ్చిపెట్టవచ్చు. పాఠశాల, ఉద్యోగం, ర్యాంప్ మాత్రం పతకంతో నిమిత్తం లేకుండా దక్కవలసిన హక్కులు.