జంప్ ఎత్తు పెంచిన 125 ఫ్రేములు

క్వేక్ 3 ఎరీనాలో ఆరితేరిన ఆటగాళ్లు ఫ్రేమ్ రేటును సరిగ్గా 125 దగ్గర కట్టేసేవారు. బొమ్మ నునుపుగా కదలాలని మాత్రమే కాదు; సెకనుకు 125 ఫ్రేములు నడిచే కంప్యూటర్‌లో ఆటగాడు నిజంగానే ఎక్కువ ఎత్తు ఎగురుతాడు. ఆటతో పాటు వచ్చిన హద్దు 85. అక్కడ జంప్ ఎత్తు సుమారు 44.6 యూనిట్లు, 125 దగ్గర 48.5. ఆట ఒకటే, మైదానం ఒకటే. గురుత్వాకర్షణ మాత్రం ఎవరి కంప్యూటర్‌ది వారిదే.

ఐడీ సాఫ్ట్‌వేర్ ఈ ఆటను 1999 డిసెంబరులో విడుదల చేసింది. 2005లో సోర్స్ కోడ్‌ను కూడా బయటపెట్టడంతో ఈ వింత వెనకున్న లెక్కను ఎవరైనా చూడగలిగారు. ఆట ఒక్కో ఫ్రేమ్ నిడివిని పూర్ణ మిల్లీసెకన్లలోనే కొలుస్తుంది. 1000ని 125తో భాగిస్తే సరిగ్గా 8. 85తో భాగిస్తే, భిన్నం పోగా 11. ఆటలో గురుత్వ త్వరణం 800, జంప్ మొదలయ్యే వేగం 270. అంటే 8 మిల్లీసెకన్లలో వేగం 6.4 తగ్గి 263.6 కావాలి. కానీ ప్రతి ఫ్రేమ్ చివర వేగాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు కాబట్టి అది 264 అవుతుంది. ఫ్రేముకు 0.4 చొప్పున ఆటగాడికి మిగులు. శిఖరం చేరేలోగా ఇలాంటి ఫ్రేములు 45. అదే 11 మిల్లీసెకన్ల ఫ్రేములో 8.8 తగ్గాల్సింది 9 తగ్గుతుంది. అక్కడ ఆటగాడికి నష్టమే.

ఈ సవరణ పొరపాటున చేసింది కాదు. నెట్‌వర్క్‌లో పంపే సమాచారం కుదించడానికి చేసిన పొదుపు. డయలప్ మోడెముల కాలంలో ఒక్కో బైటుకూ విలువుండేది. ఆటగాడి కదలికను సర్వర్ కూడా అతని కంప్యూటర్ పంపిన ఫ్రేమ్ నిడివి ప్రకారమే లెక్కించేది. అందుకే ఎదురెదురుగా నిలిచిన ఇద్దరికి రెండు రకాల ఎత్తులు సాధ్యమయ్యాయి. క్యూ3డీఎం13 మైదానంలో ఈ అదనపు ఎత్తుతో మెగాహెల్త్ అనే ఆరోగ్యం పెంచే వస్తువును నేరుగా ఎగిరి అందుకోవచ్చు. పోటీలో దాని విలువ ఆడినవారికి చెప్పనక్కర్లేదు.

ఫ్రేములు పెరిగేకొద్దీ లాభమేనా అంటే కాదు. 333 దగ్గర ఫ్రేముకు 2.4 తగ్గాల్సింది 2 తగ్గి, ఎత్తు 54.6 దాకా వెళ్తుంది. 1000 దగ్గర 0.8 కాస్తా 1 అయిపోయి, 36.5కు పడిపోతుంది. అప్పటి యంత్రాలు పోరు మధ్యలోనూ నిలకడగా 333 ఇవ్వలేవు కనుక 125 స్థిరపడింది. ఆ నిలకడ కోసం గోడల మీద బొమ్మలన్నీ అలికేసినట్టు కనిపించేలా సెట్టింగులు తగ్గించుకునేవారు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొని, ఆటను వీలైనంత వికారంగా ఆడటం ఆనాటి నిపుణుల లక్షణం.

తర్వాతి ప్యాచ్‌లో ఐడీ సంస్థే విరుగుడు ఇచ్చింది. పీమూవ్ ఫిక్స్‌డ్ అనే సెట్టింగ్ వేస్తే ఎవరి ఫ్రేమ్ రేటు ఎంతైనా కదలిక 8 మిల్లీసెకన్ల అడుగులతోనే సాగుతుంది. న్యాయంగా చూస్తే ఇదే సరైన పద్ధతి. అయినా అంకెలతో గురుత్వాన్ని సవరించుకునే ఆ విద్య అలా అంతరించడం లోటే. ఇదే ఇంజిన్ వారసత్వంతో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల్లో మాత్రం 125, 250, 333 అంకెలు చాన్నాళ్లు బతికాయి.

ఫ్రేమే గడియారం కావడం కొత్త సంగతి కాదు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో తెర ఒకసారి మారేలోగా ఒక్క శత్రువే జరుగుతాడు. 55 మంది ఉన్నప్పుడు దండు ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. చావగా మిగిలినవాడు పరుగులు తీస్తాడు. తయారుచేసిన తొమోహిరో నిషికాదో ఆ వేగాన్ని దిద్దకుండా ఆటలో భాగంగా ఉంచేశాడు. ఎంత మంచి పని!

1981 నాటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. అమెరికా కలర్ టీవీ సంకేతానికి సరిపడే స్ఫటికం నుంచి పుట్టిన అంకె అది. చాలా ఆటలు ఆ వేగాన్నే కాలమానంగా నమ్ముకున్నాయి. వేగవంతమైన పీసీలు రాగానే అవి ఆడలేనంత జోరందుకున్నాయి. అందుకే పీసీలకు టర్బో బటన్ వచ్చింది. పేరుకు టర్బో, అసలు ఉపయోగం వేగం తగ్గించడం. 1993లో డూమ్ అనే ఆట ఆ చిక్కును సులువుగా దాటింది: 70 హెర్ట్జ్ తెరలో సగం, సెకనుకు 35 అడుగులు, అంతకుమించి లేదు.

తర్వాత హద్దు మెనూలోకే ఎక్కింది. నెట్ సెంటర్ల కాలంలో తెలుగు కుర్రకారు కూడా విరగబడి ఆడిన వైస్ సిటీలో ఫ్రేమ్ లిమిటర్ ఒక ఆప్షన్. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని తీసేసి ఫ్రేములు బాగా పెంచితే కథానాయకుడి ఈత నెమ్మదిస్తుంది. 2013లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్‌ను 30 ఫ్రేముల హద్దు దాటించి 60కి తీసుకెళ్తే ఆట వేగమే రెట్టింపైంది. 2014 నాటి డార్క్ సోల్స్ 2లో 60 ఫ్రేముల దగ్గర ఆయుధాలు రెట్టింపు వేగంతో అరిగిపోయేవి. మరుసటి ఏడాది ప్యాచ్‌తో దాన్ని సరిచేశారు.