షెరిడాన్ సర్కిల్‌లో పేలిన కారు

పోయిన ఎపిసోడ్ విన్నాక ఖతార్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఒకసారి దేశం దాటి వచ్చేసినోణ్ణి ఆ గవర్నమెంటు ఇంకేం చేస్తది?" అని. రెండు ముక్కల్లో జవాబు రాయబోయి ఆగిపోయాను. ఈ ఎపిసోడ్ అందుకే.

వాషింగ్టన్‌లో మన ఎంబసీకి పని మీద వెళ్ళినవాళ్ళు దాని ముందున్న గాంధీగారి విగ్రహం చూసే ఉంటారు. అక్కణ్ణించి మసాచుసెట్స్ అవెన్యూలో నాలుగడుగులు పైకి నడిస్తే షెరిడాన్ సర్కిల్ వస్తుంది. 1976 సెప్టెంబర్ 21 ఉదయం, జనం ఆఫీసులకు పోయే వేళ, అక్కడ ఒక కారు పేలింది. కారు నడుపుతున్న ఓర్లాండో లెతెలియేర్, పక్క సీట్లో ఉన్న రోనీ మోఫిట్ చనిపోయారు. రోనీకి 25 ఏళ్ళు, పెళ్ళయి నాలుగు నెలలు. వెనక సీట్లో ఉన్న ఆమె భర్త గాయాలతో బతికాడు.

లెతెలియేర్ది చిలీ. 1971 నుంచి అదే వాషింగ్టన్‌లో తన దేశపు రాయబారిగా ఉన్నవాడు, ఆ తర్వాత అలెండీ ప్రభుత్వంలో మంత్రి. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అధికారం లాక్కున్న రోజునే ఆయన్ని పట్టుకున్నారు. దేశం దక్షిణ కొసన, చలికి పేరుపడ్డ డాసన్ దీవిలో బందీగా పెట్టారు. ఏడాది తర్వాత వెనిజులా వాళ్ళు అడిగితే వదిలారు. వాషింగ్టన్ వచ్చి ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం చూసుకుని, చిలీలో జరుగుతున్న చిత్రహింసల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. చిలీకి డబ్బు ఇవ్వొద్దని దేశదేశాల వాళ్ళకు చెప్పుకొచ్చాడు. పినొచెట్‌కి మండింది అక్కడే. సెప్టెంబర్ 10న ఆయన పౌరసత్వం రద్దు చేసినట్టు ప్రకటించారు. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితేనే మనకి నిద్ర పట్టదు. ఆయనకైతే దేశమే లేదన్నారు. పదకొండు రోజుల తర్వాత బాంబు.

ఇది ఎవరూ ఊహించనిదేం కాదు. 1974లో చిలీ మాజీ సైన్యాధిపతి కార్లోస్ ప్రాట్స్‌నీ భార్యనీ బ్యూనస్ ఐరిస్‌లో ఇలాగే కారు బాంబుతో చంపారు. 1975లో రోమ్‌లో బెర్నార్డో లేటన్ దంపతులపై కాల్పులు జరిపారు, ఇద్దరూ తీవ్రంగా గాయపడి బతికారు. అదే ఏడాది చివర్లో దక్షిణ అమెరికా నియంతల నిఘా సంస్థలు కూడబలుక్కుని 'కాండోర్' అని పేరు పెట్టుకున్నాయి. అమెరికాకు ఆ సంగతి తెలుసు. విదేశాల్లో హత్యలు కుదరవని ఆ ప్రభుత్వాలకు చెప్పమని 1976 ఆగస్టు 23న తన రాయబారులకు ఆదేశం కూడా పంపింది. చిలీలో ఉన్న రాయబారి, అలా చెబితే పినొచెట్ అవమానంగా తీసుకుంటాడని సందేహించాడు. సెప్టెంబర్ 16న విదేశాంగ మంత్రి కిసింజర్, ఈ విషయంలో ఇక ఏమీ చేయొద్దన్నాడు. 20న ఆ మాట రాయబారులకు చెప్పమని కింది అధికారికి కబురందింది. మర్నాడే పేలుడు. హెచ్చరిక వెళ్ళి ఉంటే ఆయన బతికేవాడా అంటే నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఒక నియంత నొచ్చుకుంటాడని కాగితం ఆపేశారే, అది మాత్రం నాకు మింగుడుపడదు.

ఇంకో కాగితం సంగతి వినండి. ఆ ఎండాకాలంలోనే పరాగ్వే ప్రభుత్వం ఇద్దరు మనుషులకు అమెరికా వీసా ఇప్పించమని అడిగింది. పాస్‌పోర్టులు పరాగ్వేవి, మనుషులు మాత్రం చిలీ గూఢచారులు, పేర్లు దొంగవి. అక్కడి అమెరికా రాయబారి జార్జ్ లాండౌకి ఎందుకో అనుమానం వచ్చింది. వీసాలైతే ఇచ్చాడుగానీ పాస్‌పోర్టులకు ఫొటోలతో సహా కాపీలు తీయించి వాషింగ్టన్ పంపాడు. తర్వాత వీసాలు రద్దు చేయించాడు. అందులో ఒకడు మైకేల్ టౌన్లీ, పుట్టుకతో అమెరికన్, చిలీ నిఘా సంస్థ 'దీనా' మనిషి. వీసా పోతేనేం, సెప్టెంబర్‌లో ఇంకో దొంగ పేరుతో దిగి, కారు కింద బాంబు బిగించాడు.

కాపీలు మాత్రం ఫైల్లోనే ఉన్నాయి. 1978 మార్చిలో ఆ ఫొటోలు పేపర్లో పడ్డాయి. వీడు టౌన్లీ అని శాంటియాగోలో గుర్తుపట్టారు. అప్పటికి చిలీలో అమెరికా రాయబారి ఎవరనుకున్నారు? అదే లాండౌ! ఏప్రిల్‌లో టౌన్లీని ఎఫ్‌బీఐకి అప్పగించక తప్పలేదు. అంటే, మనం కౌంటర్ దగ్గర విసుక్కునే ఆ జిరాక్సే హంతకుణ్ణి పట్టించింది.

టౌన్లీ నేరం ఒప్పుకుని, తోటివాళ్ళ మీద సాక్ష్యం చెప్పాడు. పదేళ్ళ శిక్షలో ఐదేళ్ళు దాటాక బయటికొచ్చాడు. సాక్షుల రక్షణ పథకం కింద అమెరికా ప్రభుత్వం అతన్ని కాపాడింది. లెతెలియేర్‌కి దొరకని రక్షణ అతనికి దొరికింది. దీనా అధిపతి కాంట్రెరాస్‌కు ఏడేళ్ళ శిక్షను చిలీ సుప్రీంకోర్టు 1995లో ఖాయం చేసింది. పినొచెట్ ఈ కేసులో బోనెక్కకుండానే 2006లో పోయాడు. హత్యకు స్వయంగా ఆయనే ఆదేశించాడని సీఐఏ నమ్మినట్టు చెప్పే 1987 నాటి పత్రం 2015లో బయటపెట్టారు.

తమ్ముడూ, ఇప్పుడు ఏం మారిందంటావా? 2015లో అమెరికా నిఘా సంస్థలకు ఒక నియమం రాసిపెట్టారు. ఎవరినైనా చంపడానికో ఎత్తుకుపోవడానికో కుట్ర జరుగుతోందని తెలిస్తే ఆ మనిషికి చెప్పాలి. అతను అమెరికన్ కాకపోయినా సరే. మినహాయింపులూ ఉన్నాయి, సమాచారం ఇచ్చినవాడికి ముప్పు వస్తుందనుకుంటే చెప్పకపోవచ్చు. వర్జీనియాలో ఉంటూ పత్రికల్లో రాసిన సౌదీ జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీని 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లో, పెళ్ళి కాగితాల కోసం వెళ్ళిన సొంత దేశపు కాన్సులేట్‌లోనే చంపారు. ఆయన్ని ముందుగా హెచ్చరించారా, ఆ రికార్డులు చూపించండి అని పత్రికా స్వేచ్ఛ సంస్థలు కోర్టుకెక్కాయి. అలాంటి రికార్డులు ఉన్నాయని గానీ లేవని గానీ చెప్పం అన్నాయి నిఘా సంస్థలు. 2021లో అప్పీల్ కోర్టు, చెప్పనక్కర్లేదంది.